సిరియా వీధికి అటూ ఇటూ

లెబనాన్ ఉత్తర తీరంలో ట్రిపోలీ అనే పాత నగరం ఉంది. లిబియా రాజధానికీ ఇదే పేరు కావడంతో వార్తల్లో రెండూ కలగాపులగం అవుతుంటాయి. ఈ లెబనాన్ ట్రిపోలీలో గుట్ట మీద జబల్ మొహ్సెన్, గుట్ట కింద బాబ్ అల్ తబ్బానే అని రెండు పేటలున్నాయి. పైన ఎక్కువగా అలవీలు, కింద సున్నీలు. రెంటికీ నడుమ ఒక రోడ్డు, పేరు సిరియా వీధి. 2008 నుంచి 2014 దాకా ఈ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు విడతలు విడతలుగా ఒకరినొకరు కాల్చుకున్నారు. పక్క దేశం సిరియాలో యుద్ధం ముదిరిన కొద్దీ ఇక్కడా తుపాకులు పెరిగాయి.

2014 ఏప్రిల్‌లో సైన్యం దిగాక కాల్పులు ఆగాయి. పగ మాత్రం అలాగే ఉంది, పనీ దొరకలేదు. ఆ మరుసటి ఏడాది బీరూట్‌కు చెందిన 'మార్చ్' అనే స్వచ్ఛంద సంస్థ రెండు పేటల నుంచీ యువతీ యువకులను పిలిచి ఒక నాటకం ఆడించింది. దాని పేరు 'డాబా మీద ప్రేమా, యుద్ధమూ'. దర్శకుడు లూసియన్ బూర్జైలీ. వాళ్ల సొంత బతుకులే కథ. మొన్నటిదాకా ఎదురెదురు డాబాల మీద తుపాకులు పట్టుకున్నవాళ్లు నెలల తరబడి ఒకే గదిలో మాటలు వల్లె వేశారు. 2016లో అదే వీధిలో, ఒకప్పటి కాల్పుల గీత మీదే, ఒక కాఫీ దుకాణం తెరిచారు. పేరు 'కహ్వెత్నా', అంటే 'మన కాఫీ హోటలు'. ఆ తర్వాత తూటాల గుంతలు పడ్డ దుకాణాలను ఆ కుర్రాళ్ల చేతనే బాగుచేయించారు. తాపీ పని, రంగులు వేయడం, వడ్రంగం అక్కడే నేర్చుకున్నారు.

ఈ చిన్న కథలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. యుద్ధం, వలస, నిరుద్యోగం కలిసి నలిపేసిన అరబ్ సమాజాల్లో యువతకు అండగా నిలవడం అంటే అసలు ఏం చేయడం? ఉద్యోగాలివ్వడమా, మనసుకు మందు వేయడమా, శత్రువులను కలిపి కూర్చోబెట్టడమా, చర్చల బల్ల దగ్గర కుర్చీ వేయడమా? గత పదిహేనేళ్లలో ఇవన్నీ జరిగాయి. కొన్ని ఫలించాయి, కొన్ని వమ్మయ్యాయి. ఏది ఎందుకు నిలిచిందో తేల్చి చూసుకోవలసిన సమయం ఇది.

గోడకు ఆనుకున్నవాళ్లు

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2016లో వెలువరించిన అరబ్ మానవాభివృద్ధి నివేదిక మొత్తం యువత మీదే. 15 నుంచి 29 ఏళ్ల మధ్యవారు అరబ్ జనాభాలో దాదాపు మూడో వంతు, సంఖ్యలో పది కోట్లకు పైమాటే అని అది లెక్క కట్టింది. మరో మూడో వంతు పదిహేనేళ్ల లోపు పిల్లలు. ప్రపంచ జనాభాలో అరబ్ దేశాల వాటా ఐదు శాతమే అయినా, 2014లో ప్రపంచంలో జరిగిన ఉగ్రవాద దాడుల్లో 45 శాతం అక్కడే జరిగాయని కూడా ఆ నివేదిక చెప్పింది.

ఉపాధి సంగతి మరీ ఘోరం. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచ సగటు యువ నిరుద్యోగం 13 శాతం. అరబ్ రాజ్యాల్లో అది 28 శాతం, ఉత్తర ఆఫ్రికాలో 22 శాతం. చదివినకొద్దీ ఉద్యోగం దగ్గరవ్వాలి. కానీ ఈజిప్టు, ట్యునీషియాల్లో పట్టభద్రులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. ఉద్యోగం లేక ఇల్లు లేదు, ఇల్లు లేక పెళ్లి లేదు. వయసు వచ్చినా పెద్దరికం రాని ఈ స్థితికి పండితులు ఏవేవో పేర్లు పెట్టారు. అల్జీరియా వీధి భాషలో వీళ్ల పేరు 'హిత్తిస్త్'. అరబ్బీలో 'హీత్' అంటే గోడ. పొద్దస్తమానం గోడకు ఆనుకుని నిలబడేవాళ్లని అర్థం. ఆ గోడను వదిలి చిన్న పడవల్లో మధ్యధరా సముద్రం దాటబోయేవాళ్లు 'హర్రాగా', అంటే కాల్చేసుకున్నవాళ్లు. పట్టుబడితే ఏ దేశస్థులో తెలియకూడదని తమ కాగితాలు తగలబెట్టుకుంటారు గనక ఆ పేరు.

లాక్కున్న కాటా

ఈ లెక్కలు చూసి ప్రభుత్వాలూ దాతలూ ఒక సూత్రం అల్లుకున్నారు: ఖాళీగా ఉన్న కుర్రాడు తుపాకీ పడతాడు, కాబట్టి ఏదో ఒక పని నేర్పితే చాలు. కుట్టు మిషన్లు, కంప్యూటర్ తరగతులు, మూడు నెలల శిక్షణ, ఒక సర్టిఫికెట్. ఈ సూత్రం సగమే నిజం.

మహమ్మద్ బువజీజీ కథనే మళ్లీ చూడాలి. ట్యునీషియాలోని సిదీ బూజిద్ పట్టణంలో 2010 డిసెంబరు 17న ఒంటికి నిప్పంటించుకున్న ఆ 26 ఏళ్ల యువకుడిని అప్పట్లో చాలా పత్రికలు నిరుద్యోగ పట్టభద్రుడని రాశాయి. అది తప్పు. అతను డిగ్రీ చదవలేదు, పని లేనివాడూ కాదు. తోపుడు బండి మీద పళ్లూ కూరగాయలూ అమ్మి ఇల్లు నడిపేవాడు. ఆ రోజు మునిసిపల్ సిబ్బంది అతని సరుకూ కాటా లాక్కున్నారు. తిరిగి ఇమ్మని గవర్నరు కార్యాలయానికి వెళ్తే ఎవరూ మాట వినలేదు. 2011 జనవరి 4న అతను చనిపోయాడు, జనవరి 14న అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయాడు. ఆ రోజు ఆ కార్యాలయంలో ఎవరైనా అతని గోడు విని కాటా చేతికిచ్చి పంపి ఉంటే?

ఇది ఒక్కడి కథ కాదని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. మెర్సీ కోర్ అనే సహాయ సంస్థ 2015లో సోమాలియా, అఫ్ఘానిస్తాన్, కొలంబియాల్లో యువతను అడిగి చూసింది. ఉద్యోగం ఉందా లేదా అన్నదానికీ, రాజకీయ హింసను సమర్థించడానికీ సూటి సంబంధం దొరకలేదు. దొరికిన సంబంధం అవమానంతో, వివక్షతో, అధికారుల లంచగొండితనంతో. మరుసటి ఏడాది సోమాలియాలో వాళ్లే చేసిన మరో పరిశీలన ఇంకాస్త లోతుకు వెళ్లింది. హైస్కూలు చదువు అందిన పిల్లలు హింసలో పాల్గొనడం తగ్గింది. హింసను మనసులో సమర్థించడం మాత్రం కొంచెం పెరిగింది. చదువు కళ్లు తెరిపించింది, చేతికి దారేమీ చూపలేదు. చదువుతో పాటు ఊరి పనుల్లో మాట చెల్లే అవకాశం కూడా కల్పించినచోట రెండూ తగ్గాయి.

2017లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆఫ్రికాలోని సాయుధ ముఠాల్లో చేరిన వందలమందితో మాట్లాడింది. స్వచ్ఛందంగా చేరినవారిలో 71 శాతం మంది తమను ఆ గీత దాటించిన ఘటన ప్రభుత్వ చర్యేనన్నారు. అన్ననో స్నేహితుడినో పోలీసులు పట్టుకెళ్లడమో, సైన్యం చంపడమో. సిరియాలో దరా పట్టణపు బడిపిల్లల ఉదంతమూ ఇదే చెబుతుంది. 2011 ఆరంభంలో ఆ పిల్లలు 'డాక్టరూ, ఇక నీ వంతు' అని గోడ మీద రాశారు. కళ్ల డాక్టరుగా చదివిన అధ్యక్షుడు అసద్‌ను ఉద్దేశించిన మాట అది. పిల్లలను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. విడిపించమని వెళ్లిన పెద్దలను అవమానించారు. తర్వాత జరిగిందంతా పదమూడేళ్ల యుద్ధం.

కాబట్టి శిక్షణ కార్యక్రమాలు వద్దనడం కాదు. 2016లో జోర్డాన్ రెండు లక్షల మంది సిరియా శరణార్థులకు పని అనుమతులిస్తానని ఒప్పుకుంది. అది ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. అయితే అనుమతులు ఎక్కువగా వ్యవసాయం, భవన నిర్మాణం, ఫ్యాక్టరీ పనులకే పరిమితమయ్యాయి. దమాస్కస్‌లో ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో పారిపోయి వచ్చిన కుర్రాడికి టమాటా తోటలో కూలి దొరికింది. కడుపు నిండింది, కోర్కె అక్కడే ఆగిపోయింది.

వెంట్రుకలో దొరికిన సాక్ష్యం

జోర్డాన్ ఉత్తరాన మఫ్రక్ దగ్గర ఎడారిలో 2012 జూలైలో జాతరీ శిబిరం మొదలైంది. డేరాల స్థానంలో రేకు గదులు వచ్చాయి. నడి వీధిలో చెప్పుల దుకాణాలు, సైకిల్ మరమ్మతు కొట్లు, పెళ్లి దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. పారిస్‌లోని ప్రసిద్ధ వీధి పేరునూ, సిరియాను వాళ్లు పిలుచుకునే 'షామ్' అనే పేరునూ కలిపి ఆ బజారుకు 'షాంజెలీజే' అని పేరు పెట్టుకున్నారు. అక్కడే పుట్టి, అక్కడే బడికి వెళ్లి, సిరియాను ఫోన్‌లో తప్ప చూడని పిల్లలు ఇప్పుడు యౌవనంలోకి వస్తున్నారు.

ఇలాంటి పిల్లల మనసుకు ఏం చేయగలం అన్నదానికి జోర్డాన్ నుంచే ఒక గట్టి సాక్ష్యం వచ్చింది. మెర్సీ కోర్ సంస్థ 12 నుంచి 18 ఏళ్ల సిరియా శరణార్థి పిల్లలనూ జోర్డాన్ పిల్లలనూ కలిపి ఎనిమిది వారాల కార్యక్రమం నడిపింది. ఆటలు, చేతిపనులు, బొమ్మలు, కంప్యూటర్, ఏదైనా సరే. వెంట నమ్మకమైన ఒక పెద్ద మనిషి. యేల్ విశ్వవిద్యాలయపు కేథరిన్ పాంటర్-బ్రిక్, జోర్డాన్ హాషిమైట్ విశ్వవిద్యాలయపు రానా దజానీ దాని ఫలితాన్ని కొలిచారు. పిల్లలను ప్రశ్నలడగడంతో ఆగలేదు. వాళ్ల తల వెంట్రుకలు కొద్దిగా కత్తిరించి అందులో కార్టిసాల్ ఎంత ఉందో చూశారు. మనిషి ఒత్తిడిలో ఉన్నప్పుడు ఊరే హార్మోన్ అది. వెంట్రుక పెరిగిన కొద్దీ అందులో నెలల చరిత్ర నిలిచిపోతుంది. కార్యక్రమంలో పాల్గొన్న పిల్లల్లో ఆ హార్మోన్ సుమారు మూడో వంతు తగ్గింది. భయం, అభద్రత తగ్గాయి. యుద్ధం మిగిల్చిన పీడకలల్లాంటి లక్షణాలు మాత్రం పెద్దగా మారలేదని పరిశోధకులు నిజాయితీగా రాశారు. ఎనిమిది వారాలు ఎంత చేయగలవో, ఏం చేయలేవో రెండూ అందులో తేలాయి.

ఈ రానా దజానీయే 2006లో అమ్మాన్‌లో తన పేట మసీదులో పిల్లలకు కథల పుస్తకాలు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. 'చదవడం మాకిష్టం' అనే ఆ ప్రయత్నం ఎన్నో దేశాలకూ శరణార్థి శిబిరాలకూ పాకి, 2017లో యునెస్కో అక్షరాస్యత పురస్కారం పొందింది. చదివేవాళ్లు ఆ పేట అక్కలూ అమ్మలే. పెద్ద భవనం అక్కర్లేదు, విదేశీ నిపుణుడూ అక్కర్లేదు. నిధులు ఆగినా ఆగని పని అది.

ఒకే జట్టులో ఆడితే

తగాదా పడ్డ రెండు వర్గాల యువకులను కలిపితే పగ తగ్గుతుందా? ఇరాక్‌లో ఐసిస్ ఉగ్రవాదుల ఏలుబడి పోయాక సల్మా మూసా అనే పరిశోధకురాలు దీన్ని ఫుట్‌బాల్ మైదానంలో పరీక్షించారు. ఖరాఖోష్, అంకావాల్లో ఐసిస్ తరిమేసిన క్రైస్తవ యువకుల జట్లను తీసుకున్నారు. చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంచి, కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్లను, కొన్నింటిలో మళ్లీ క్రైస్తవులనే చేర్చారు. 'సైన్స్' పత్రికలో 2020లో ఫలితాలు వచ్చాయి. ముస్లింలతో కలిసి ఆడినవాళ్లు తర్వాతి సీజన్‌లోనూ కలిసిన జట్టుకే పేరిచ్చారు. ఆరు నెలల తర్వాత కూడా వాళ్లతో సాధన చేస్తూనే ఉన్నారు. మంచి క్రీడాకారుడి బహుమతికి అవతలి జట్టు ముస్లిం ఆటగాడికి ఓటు వేశారు.

అదే అధ్యయనంలో రెండో సగం ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్ నగరానికి వెళ్లి హోటల్లో భోజనం చేయడానికి కూపన్ ఇస్తే వాళ్ల అడుగు పడలేదు. మైదానంలో తెలిసిన ముస్లిం మిత్రుడయ్యాడు. తెలియని ముస్లిం అలాగే మిగిలాడు.

కలిపి కూర్చోబెట్టే ప్రతి కార్యక్రమానికీ ఈ రెండు సగాలూ వర్తిస్తాయి. ట్రిపోలీలో నాటకం ఆడిన పదహారు మంది మారతారు. వీధి మారాలంటే ఆ పదహారు మంది తిరిగి వెళ్లే చోట నీళ్లు రావాలి, పోలీసు మర్యాదగా మాట్లాడాలి, పని కోసం ఏ మతమని ఎవరూ అడగకూడదు. ఆ పని నాటక బృందానిది కాదు, ప్రభుత్వానిది.

తాగని కాఫీ

అరబ్ సమాజాల్లో తగాదా తీర్చే పద్ధతులు ఎవరో బయటివారు నేర్పినవి కావు. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీ ఎలాగో అక్కడ 'సుల్హా' అలా. హత్య జరిగితే ముందు 'అత్వా' అనే గడువు పుచ్చుకుంటారు, అంతవరకు ప్రతీకారం కూడదు. ఆ తర్వాత 'జాహా', అంటే పెద్దమనుషుల బృందం, బాధితుల ఇంటికి వెళ్తుంది. ఇంటివారు కాఫీ పోస్తారు. బృందం పెద్ద ఆ కప్పును ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంటాడు. వచ్చిన పనికి మాట ఇస్తేనే కప్పు ఎత్తుతాడు. రాజీ కుదిరాక కలిసి భోజనం చేస్తారు. ఆ విందు పేరులో అరబ్బీ 'ఉప్పు' ఉంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్న మాట మనకూ తెలిసిందే.

ఈ పద్ధతి ఎంత మేలు చేయగలదో ఇరాక్‌లోని తిక్రిత్ చూపింది. 2014 జూన్‌లో ఆ ఊరి దగ్గరి స్పైకర్ శిబిరం నుంచి సుమారు 1,700 మంది యువ సైనిక శిక్షణార్థులను ఐసిస్ పట్టుకుని చంపింది. చనిపోయినవారు ఎక్కువమంది దక్షిణాది షియా కుటుంబాల పిల్లలు. తిక్రిత్ చుట్టూ ఉన్న సున్నీ తెగలు ఇందులో చేతులు కలిపాయన్న కోపం రగిలింది. 2015లో ఊరు విముక్తం కాగానే ప్రతీకారం తప్పదనుకున్నారు. ఇరాకీ మధ్యవర్తులు, 'సనద్' అనే స్థానిక సంస్థ రెండు వైపుల షేకులను విడివిడిగానూ తర్వాత కలిపీ కూర్చోబెట్టారు. నేరం చేసిన వ్యక్తులను చట్టానికి అప్పగించాలి, తెగ మొత్తాన్ని నిందించరాదు అని మాట కుదిరింది. ఆ వేసవిలోనే వేల కుటుంబాలు తిక్రిత్‌కు తిరిగి వెళ్లగలిగాయి.

లిబియాలో తవర్గా కథకు ఇంత త్వరగా మలుపు రాలేదు. మిస్రాతా నగర ముట్టడిలో అప్పటి పాలకుడు గడాఫీ పక్షాన నిలిచారన్న ఆరోపణతో 2011లో ఆ ఊరి 40 వేల మందినీ తరిమేశారు. మధ్యవర్తుల చర్చలు ఏళ్ల తరబడి సాగాక 2018లో తిరిగి రావడం మొదలైంది. అప్పటికి తవర్గా పిల్లలు శిబిరాల్లోనే పెద్దవాళ్లయ్యారు. వచ్చినవారికి దొరికింది శిథిలాల ఊరు.

సుల్హాకు పెద్ద లోపం ఒకటి ఉంది. ఆ గదిలో కూర్చునేవారు నెరిసిన తలల మగవాళ్లు. చంపిందీ చచ్చిందీ యువకులైనా వాళ్లకు అక్కడ మాట లేదు. ఆడవాళ్లకు అసలే లేదు. ఇరాక్‌లో కొన్ని తెగల్లో రాజీ కింద ఆడపిల్లను అవతలి కుటుంబానికి ఇచ్చే 'ఫస్లియా' ఆచారం నేటికీ పూర్తిగా పోలేదు. పెద్దల ప్రశాంతత కోసం ఒక పిల్ల బతుకు బలిపెట్టే రాజీని ఏ పేరుతోనూ సమర్థించలేం. యెమెన్‌లో 'అపహృతుల తల్లుల సంఘం' ఈ గోడను పక్కనుంచి బద్దలు కొట్టింది. 2016 నుంచి ఆ తల్లులు జైళ్ల ముందు నిలబడి, అన్ని పక్షాలతో మాట్లాడి, తెగ పెద్దలను కదిలించి, వందలాది మందిని విడిపించుకున్నారు.

పెద్ద బల్ల దగ్గర చిన్న కుర్చీ

జాతీయ స్థాయి చర్చల్లో మొదట తలుచుకునేది ట్యునీషియా. 2013లో షుక్రీ బెలైద్, మహమ్మద్ బ్రాహ్మీ అనే ఇద్దరు నాయకుల హత్యలతో దేశం అంచుకు వచ్చింది. కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవ హక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం నాలుగూ కలిసి రాజకీయ పక్షాలను కూర్చోబెట్టాయి. 2014 జనవరిలో కొత్త రాజ్యాంగం వచ్చింది, 2015లో ఆ నాలుగు సంఘాలకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి. యుద్ధం తప్పింది. కానీ సిదీ బూజిద్ కుర్రాడి జేబులోకి ఏమీ రాలేదు. 2021 జూలైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేసినప్పుడు వీధుల్లో హర్షించినవారిలో యువత ఎంతోమంది. రాజ్యాంగం తమకు అన్నం పెట్టలేదన్నది వాళ్ల కోపం. ఆ తర్వాత నోరు విప్పే స్వేచ్ఛ కూడా తగ్గింది.

యెమెన్‌ది మరింత నొప్పి కలిగించే పాఠం. సనాలోని 'మార్పు కూడలి'లో 2011లో గుడారాలు వేసిన యువత అధ్యక్షుడు సాలెహ్‌ను దించింది. అప్పుడు 32 ఏళ్లున్న తవక్కుల్ కర్మాన్‌కు ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2013 మార్చిలో మొదలైన జాతీయ సంవాద సభలో 565 మంది సభ్యులు. వారిలో ఏ పార్టీకీ చెందని యువతకు 40 స్థానాలు, ప్రతి వర్గమూ తన సభ్యుల్లో 20 శాతం యువతకు ఇవ్వాలన్న నియమం. ప్రపంచంలో అంతకు ముందు ఇలా జరిగింది అరుదు. పది నెలలు మాట్లాడుకున్నారు. తీరా దేశాన్ని ఎన్ని ప్రాంతాలుగా విభజించాలన్న ముఖ్య విషయాన్ని ఒక చిన్న కమిటీ విడిగా తేల్చేసింది. 2014 సెప్టెంబరులో హూతీ తిరుగుబాటుదారులు సనాను పట్టుకున్నారు, 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబులు వేయడం మొదలైంది. 2021 చివరికి 3,77,000 మంది యుద్ధం వల్లా, అది తెచ్చిన ఆకలీ రోగాల వల్లా చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. కుర్చీ ఇచ్చి, నిర్ణయం పక్క గదిలో తీసుకుంటే ఆ కుర్చీకి విలువ లేదు.

అంతర్జాతీయ వేదికలోనూ ఇదే బెంగ. జోర్డాన్ చొరవతో 2015 డిసెంబరు 9న భద్రతా మండలి 2250వ తీర్మానం ఆమోదించింది. అంతకు ముందు ఏప్రిల్‌లో జోర్డాన్ యువరాజు హుస్సేన్ 20 ఏళ్ల వయసులో మండలి సమావేశానికి అధ్యక్షత వహించారు. యువత అంటే ప్రమాదం అనే చూపును వదిలి, శాంతి పనిలో భాగస్వామిగా చూడమని ఆ తీర్మానం అడిగింది. మాట గొప్పది. తీర్మానం వచ్చాక యువ శాంతి సంఘాలను సర్వే చేస్తే దాదాపు సగం ఏడాదికి 5 వేల డాలర్ల లోపు ఖర్చుతో నెట్టుకొస్తున్నాయని తేలింది. పనిచేసేవారిలో 97 శాతం జీతం లేని కార్యకర్తలు.

ఎవరూ పిలవకుండానే

ఇంతవరకు చెప్పినవన్నీ యువత కోసం ఎవరో ఒకరు చేసినవి. ఈ ప్రశ్న మొత్తంలో ఎక్కువ వెలుగున్న చోటు యువత తానే చేసినది.

బాగ్దాద్‌లో 2019 అక్టోబరులో తహ్రీర్ కూడలికి చేరిన కుర్రాళ్లు మతమూ తెగా పక్కన పెట్టి 'మాకో దేశం కావాలి' అన్నారు. తూటాలు తగిలినవారిని ఆసుపత్రికి చేర్చింది అంబులెన్సులకన్నా ఎక్కువగా మూడు చక్రాల టుక్‌టుక్‌లు. వాటిని నడిపేవారు మురికివాడల పేద పిల్లలు, నిన్నటిదాకా నగరం ఈసడించినవాళ్లు. 'టుక్‌టుక్' పేరుతో ఉద్యమం ఒక పత్రికే తెచ్చింది. దాదాపు 600 మంది చనిపోయారు, ప్రధాని రాజీనామా చేశాడు, చంపినవారిలో చాలామందికి శిక్ష పడలేదు.

మోసుల్‌లో ఐసిస్ తగలబెట్టిన విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి స్వచ్ఛంద యువత సుమారు 30 వేల పుస్తకాలను బూడిదలోంచి ఏరుకొచ్చారు. 2017 సెప్టెంబరులో, నగరం విముక్తమైన రెండు నెలలకే, ఆ ప్రాంగణంలో పుస్తకాల పండగ చేశారు. 2022లో గ్రంథాలయం మళ్లీ తెరుచుకుంది. యునెస్కో అల్ నూరీ మసీదునూ చర్చిలనూ తిరిగి కట్టినప్పుడు ఆ ఊరి యువతకే రాతిపని, చెక్కపని నేర్పి కూలి ఇచ్చింది. ముస్లిం కుర్రాళ్లు చర్చి గోడ పేర్చారు.

సూడాన్‌ను చూస్తే మనసు బరువెక్కుతుంది. 2018 డిసెంబరు ఉద్యమంలో బలపడిన పేట పేటా 'ప్రతిఘటన కమిటీలు' 2019 ఏప్రిల్‌లో అధ్యక్షుడు బషీర్‌ను దించాయి. 2023 ఏప్రిల్ 15న సైన్యమూ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళమూ పరస్పరం తలపడి దేశాన్ని తగలబెట్టినప్పుడు, ఆ కమిటీల యువతే 'అత్యవసర స్పందన గదులు'గా మారింది. సూడాన్‌లో 'నఫీర్' అనే పాత సంప్రదాయం ఉంది. కోతలకైనా, ఇల్లు కట్టుకోవడానికైనా పిలుపు వస్తే ఊరంతా చేయి వేస్తుంది. ఆ పిలుపే వాట్సాప్‌లోకి మారింది. పేటలో ఒక పెద్ద డేగిసా, కట్టెల పొయ్యి; ఫూల్ అనే చిక్కుడు గింజల కూరో, పప్పో, మన జొన్న సంకటిలాంటి అసీదానో వండి వరుసలో నిలబడ్డవారికి గిన్నెల్లో పోస్తారు. విదేశాల్లోని బంధువులు ఫోన్ బ్యాంకు ద్వారా డబ్బు పంపుతారు. ఆసుపత్రికి జనరేటర్ ఇంధనం, బావికి మోటారు, చిక్కుకున్నవారికి దారి, అన్నీ వాళ్లే చూస్తారు. రెండు పక్షాలూ వాళ్లను అనుమానించి పట్టుకెళ్లాయి, కొందరిని చంపాయి. 2025లో ఈ గదులకు ప్రత్యామ్నాయ నోబెల్‌గా పేరున్న రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆరంభంలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపడంతో వందల వంటశాలల్లో పొయ్యి ఆరింది.

మిగిలిన లెక్క

పగ తరం మారేకొద్దీ దానంతట చల్లారుతుందన్న నమ్మకం తప్పని లెబనాన్ చెబుతోంది. అంతర్యుద్ధం 1990లో ముగిసింది. అందరికీ ఒకే చరిత్ర పుస్తకం రాయాలన్న మాట 1989 తాయిఫ్ ఒప్పందంలోనే ఉన్నా నేటికీ అది రాలేదు. బడిలో యుద్ధం చెప్పరు. ఇంట్లో ఎవరి యుద్ధం వారు చెబుతారు. 2014లో వేర్వేరు పక్షాల మాజీ యోధులు కలిసి 'శాంతి కోసం యోధులు' అనే సంఘం పెట్టి బడులకు వెళ్తున్నారు. తాము పదహారేళ్లప్పుడు తుపాకీ ఎందుకు పట్టారో, ఎవరిని చంపారో పిల్లల కళ్లలోకి చూస్తూ చెబుతారు. పాఠ్యపుస్తకం చేయాల్సిన పని ముసలి సైనికులు చేస్తున్నారు.

సిరియాలో 2024 డిసెంబరు 8న అసద్ పాలన కూలింది. పది లక్షలకు పైగా శరణార్థులు ఏడాది తిరగకముందే వెనక్కి వెళ్లారు. అయినా 2025 మార్చిలో తీరప్రాంతంలో అలవీల ఊచకోత, జూలైలో స్వైదాలో రక్తపాతం జరిగాయి. నేరాల విచారణ, తప్పిపోయినవారి ఆచూకీ, ఆయుధాల అప్పగింత జరగకుండా యువ శిక్షణ కేంద్రాలు ఎన్ని తెరిచినా అవి ఇసుక మీద కట్టినవే అవుతాయి. గాజాలో ఆ మాట అనే వీలు కూడా లేదు. ఆరు లక్షలకు పైగా పిల్లలకు బడి పోయింది. విశ్వవిద్యాలయాలన్నీ దెబ్బతిన్నాయి. అక్కడ యువతకు అండ అంటే ముందు బాంబులు పడకపోవడం, అన్నం, ఆ తర్వాతే డేరాలో బడి.

హైదరాబాదు నుంచి ఈ లోకం అంత దూరం కాదు. నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారి వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురై, ఏడాదికి పైగా బందీలుగా ఉండి 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. వాళ్లు వెళ్లింది అక్కడి యువతకు చదువు చెప్పడానికే. యెమెన్, సూడాన్, ఇరాక్‌ల నుంచి ఉస్మానియా వంటి మన విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వచ్చే విద్యార్థులు ఎప్పటి నుంచో ఉన్నారు.

ఇన్ని ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది. యువతకు పని కావాలి, దానితో పాటు తమ మాట చెల్లే చోటు కావాలి. కలిసి ఆడటం, కలిసి వండటం పగను కరిగిస్తాయి, కానీ పేట సరిహద్దు దాకానే. ఆపైన న్యాయస్థానం, పోలీసు ఠాణా, పాఠ్యపుస్తకం మారాలి. తొమ్మిది నెలల ప్రాజెక్టుతో పదమూడేళ్ల గాయం మానదు. డబ్బు ఇచ్చేవారు పేట వంటశాలకూ, తల్లుల సంఘానికీ, చిన్న కాఫీ దుకాణానికీ నేరుగా, పదేళ్లపాటు ఇవ్వాలి. ఎలా ఖర్చు పెట్టాలో వాళ్లనే తేల్చుకోనివ్వాలి. మన వంతుగా చేయగలిగిందీ ఉంది: యుద్ధం వల్ల ఇంటి నుంచి డబ్బు ఆగిన విదేశీ విద్యార్థికి ఫీజు గడువు పొడిగించమని మన విశ్వవిద్యాలయాలను అడగాలి. సూడాన్, యెమెన్ వార్తలను బాంబు పడిన రోజున మాత్రమే అచ్చువేయడం మానమని మన పత్రికలను కోరాలి.